హుక్కులే మిగిలినయ్

ఆ సోమవారం పొద్దున మార్కండేయ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా జాకెట్టుకు చేతులు ఎక్కించాలి, పదిన్నరకు హుక్కులు పడాలి, పదకొండింటికి వసుమతి రాగానే పొట్లం చేతిలో పెట్టాలి, ఆ తర్వాత తీరిగ్గా ఇంత టిఫిను తినాలి. ఇందులో ఎవరికీ అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. లేడీస్ టైలరుగా ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇలాంటి ప్లాను వేయడం ఆయనకు అదే మొదలు. అందుకే కాబోలు, పళ్లు తోముకుంటున్నప్పటి నుంచీ లోపల ఏదో కంగారుగానే ఉంది.

పంజాగుట్టలో ఉండే వసుమతి రెండో కూతురు హైందవికి ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకు బేగంపేటలో ఒక హోటల్లో నిశ్చితార్థం. ఆ అమ్మాయి తొడుక్కోవాల్సిన జాకెట్టు మార్కండేయ దగ్గరుంది. ఆకుపచ్చ పట్టు, వీపంతా మగ్గం వర్కు, ఒక్కో చేతి మీద ఒక్కో నెమలి. వర్కు అయిపోయింది, ఒంటి భాగం కుట్టడం అయిపోయింది. ఇక చేతులు ఎక్కించి హుక్కులు వేస్తే పూర్తయినట్టే. గంటన్నర పని.

దీని వెనక ఒక పాత గాయం ఉంది. రెండేళ్ల కిందట వసుమతి పెద్ద కూతురు వనిత పెళ్లికి కూడా మార్కండేయే జాకెట్టు కుట్టాడు. కుట్టి, జీలకర్ర బెల్లం అయిపోయాక మండపానికి పొట్లం పట్టుకుని పోయాడు. పెళ్లికూతురు అప్పటికే వాళ్ల పిన్ని జాకెట్టు తొడుక్కుని, జారిపోతున్న భుజాన్ని మాటిమాటికీ పైకి లాక్కుంటూ పీటల మీద కూర్చుని ఉంది. ఆ భుజం చూశాక ఆయనకు తల కొట్టేసినంత పనయింది. భోజనం ముట్టకుండా ఇంటికొచ్చేశాడు. అయినా వసుమతి మళ్లీ ఆయన దగ్గరికే వచ్చిందంటే, మనిషిని ఒక్కసారి చూసి కత్తెర వేసినా ఎక్కడా ముడత పడని చెయ్యి ఈ ఊళ్లో ఇంకోటి ఆమెకు దొరకకనే. గుడ్డ తీసుకున్న రోజే ఆయన భార్య చంద్రావతితో చెప్పేశాడు.

"ఈ పిల్లకు సుత గట్లనే జేస్తే, కత్తెర పక్కన వెట్టి మా ఊరు సిరిసిల్ల బస్సెక్కుత."

చంద్రావతి భర్త మాటను గాలికి వదిలేసే మనిషి కాదు. బల్కంపేట ఎల్లమ్మ గుడికి తీసుకుపోయి, అమ్మవారి ముందర నిలబెట్టి, ఆ మాటే రెండోసారి చెప్పించింది. తప్పుకునే దారి లేకుండా పోయింది.

ఇక ఆ దుకాణం నడిచే పద్ధతి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య చంద్రావతి లేడీస్ టైలర్స్ బోర్డు చూడాలంటే మెడ కాస్త వంచాలి. కింద దుకాణం, మొదటి అంతస్తులో నాలుగు మిషన్ల పని గది, ఆ పైన ఇల్లు. కొడుకు నాని బేగంపేటలో ఉద్యోగం దొరికిన కొత్తలో ఇంటి కోసమని మూడు వైర్‌లెస్ స్పీకర్లు కొని తెచ్చాడు. ఫోన్లో యాప్ నొక్కితే ఏ గదిలో కావాలంటే ఆ గదిలో పాట వస్తుంది. ఒకటి ఇంట్లో ఉంచి మిగతా రెండూ మార్కండేయ పట్టుకుపోయాడు. ఒకటి దుకాణంలో, ఒకటి పని గదిలో పెట్టాడు. తండ్రికి సంగీతం మీద ఇంత ప్రేముందని తనకు ఇన్నాళ్లూ తెలియదని నాని మురిసిపోయాడు.

సంగీతమూ లేదు, ప్రేమా లేదు. అది సిగ్నలింగు. కస్టమరొచ్చి కుర్చీలో కూర్చుంటుంది, ఆమె జాకెట్టు ఇంకా కత్తిరించి కూడా ఉండదు. మార్కండేయ "హుక్కులే మిగిలినయ్ అమ్మా" అని నవ్వుతూనే, బల్ల కింద ఫోన్లో ఎర్ర గడి నొక్కుతాడు. పని గదిలో భక్తి పాట మొదలవుతుంది. భక్తి పాట వచ్చిందంటే నాలుగు మిషన్లూ, గుడ్డ ఉన్నా లేకపోయినా, గడగడా తొక్కాలి. ఆ చప్పుడు వినగానే కస్టమరు మెత్తబడుతుంది. ఒకవేళ ఆమె పైకొచ్చి చూస్తానని లేస్తే జానపదం పెడతాడు. జానపదం వచ్చిందంటే ఆమె గుడ్డను కంటికి కనపడకుండా దాచెయ్యాలి. పని గదికి పెద్ద దిక్కు మమత. ఆ గదిలో ఆమెకు తెలియని కుట్టు లేదు, ఆమె దాచిన గుడ్డ ఎవరికీ దొరికింది లేదు. రెండేళ్లుగా ఈ ఏర్పాటు ఒక్కసారి కూడా దెబ్బతినలేదు. పైగా కస్టమర్లు ఆయన్ని మహా భక్తుడనుకుంటున్నారు.

యాప్‌లో మూడు గడులుండేవి. దుకాణానికి పచ్చది, పని గదికి ఎర్రది, ఇంటికి పసుపుది. చదవనక్కర్లేదు, చూడనక్కర్లేదు, వేలికే తెలుసు.

ఆ సోమవారం తొమ్మిదింటికి, చెప్పిన టైముకు రెండు గంటల ముందు, వసుమతి ఆటో దిగింది. పట్టుచీర కట్టుకుని, తల నిండా మల్లెలు పెట్టుకుని, మెడలో హారం వేసుకుని వచ్చింది. పార్లరు అమ్మాయి ముందుకు జరిపిందని, పదింటికే జాకెట్టు కావాలని, పెళ్లికొడుకు వాళ్లు అప్పుడే బయల్దేరారని కుర్చీలో కూర్చోకుండానే చెప్పేసింది. అప్పుడు మార్కండేయ ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఈ కథే లేదు. కానీ ముప్ఫై ఏళ్ల నాలుక కదా, దాని పని అది చేసేసింది.

"హుక్కులే మిగిలినయ్ అమ్మా. జర కూసోన్రి, ఐదు నిమిషాలు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. కానీ నోరు జారాక చెయ్యి ఊరుకోదు. అలవాటు ప్రకారం బల్ల కిందికి పోయి ఎర్ర గడి కోసం వెతికింది. తెర మీద ఎర్ర గడి లేదు. పచ్చ గడి లేదు, పసుపు గడి లేదు. తెల్లగా కడిగిన పళ్లెంలా ఉంది, దాని మధ్యలో ఒకటే ముక్క: మీ శ్రవణానుభవాన్ని నవీకరించాము.

మార్కండేయ ఆ ముక్కను రెండుసార్లు చదివాడు. చావు కబురు కాదని మాత్రం అర్థమైంది. కింద "తరువాత" అని ఉంటే నొక్కాడు. ఇంకో తెల్ల పేజీ వచ్చింది, అందులో ఎవరో కుటుంబం సోఫాలో కూర్చుని నవ్వుతోంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ నవ్వారు. ఐదు పేజీలు నవ్వాక పాస్‌వర్డ్ అడిగింది. ఆయన బాత్రూంకి పోయొస్తానన్నట్టు సైగ చేసి, బయటికొచ్చి నానికి ఫోన్ కొట్టాడు. నాని ఆఫీసులో మీటింగులో ఉన్నాడు. గొంతు తగ్గించి, రాత్రి యాప్ అప్‌డేట్ అయిందని, తనది కూడా అట్లనే తగలడిందని, పాస్‌వర్డ్ మెసేజ్ చేస్తానని, తర్వాత ఏమడిగినా సరే అని నొక్కమని చెప్పి పెట్టేశాడు.

మార్కండేయ అన్నిటికీ సరే అన్నాడు. గదులన్నీ ఒకటిగా కలపమంటారా? సరే. అతిథుల ఫోన్లకు కూడా అనుమతి ఇవ్వమంటారా? సరే. మీ అభిరుచి మేరకు పాటలు మేమే ఎంచమంటారా? సరే. ముప్ఫై ఏళ్లుగా కస్టమర్లు ఏ తేదీ అడిగినా సరే అన్న మనిషికి ఇందులో కష్టమేముంది. చివరి సరే నొక్కేసరికి మూడు అంతస్తుల్లోనూ ఒక్కసారే, డప్పులతో సహా, జానపదం మోగింది.

మామూలుగా కాదు. పాత యాప్‌లో సౌండు ఎక్కడుంచితే అక్కడ ఉండేది. కొత్తది మొదటి పాటను ఆఖరి అంచు దాకా తీసుకుపోయింది. దుకాణంలో వసుమతి గుండె మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది. పైన ఇంట్లో పూజ చేసుకుంటున్న చంద్రావతి చేతిలోని హారతి పళ్లెం కిందపడింది. సందులో కోచింగుకు పోతున్న పిల్లలు ఇద్దరు ఆగి తలుపులోంచి తొంగి చూశారు. మార్కండేయ సౌండు తగ్గించే గీత కోసం తెర నాలుగు మూలలా వెతికాడు. గీత లేదు. ఎవరికి అడ్డొచ్చిందో ఏమో, తీసేశారు.

మధ్య అంతస్తులో మమత మాత్రం ఏమీ కంగారు పడలేదు. జానపదం అంటే దాచుడు. ఇంత గట్టిగా వస్తున్నదంటే ఇంకా లోపలికి దాచాలన్న మాట. రోజూ దాచే అలమారలో అప్పటికే ఆరుగురివి దాగి ఉన్నాయి. దాంతో, కిటికీలోంచి వసుమతి ఆటో దిగడం చూసిన మమత హైందవి జాకెట్టునూ, దాని రెండు చేతులనూ శుభ్రంగా మడతపెట్టి, మెట్ల కటకటాలకు వేలాడుతున్న చంద్రావతి బట్టల సంచిలో అడుగున పెట్టేసింది. వసుమతి కాదు కదా, పోలీసులొచ్చినా అక్కడ వెతకరు.

అదే సంచిని చంద్రావతి రోజూ తొమ్మిదింబావుకు సందు మూలన ఇస్త్రీ బండికి పట్టుకుపోతుంది. ఆ రోజు హారతి పాడైన కోపంలో ఐదు నిమిషాలు ముందే దిగి, సంచి భుజాన వేసుకుని, దుకాణంలోకి తొంగి చూసి, పొద్దున్నే ఈ డప్పులేందని మొగుణ్ని నాలుగు కడిగి, సమాధానం వినకుండానే పోయింది.

చివరికి ఏది నొక్కాడో తెలియదు, పాట ఆగింది. మార్కండేయ చొక్కా అంచుతో మొహం తుడుచుకుని వసుమతి వైపు చూసి నవ్వాడు. ఆమె నవ్వలేదు. హుక్కులయ్యాయా అని అడిగింది. పై నుంచి మిషన్ల చప్పుడు లేదు. జానపదం వచ్చింది కాబట్టి, నిబంధన ప్రకారం, నలుగురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయన ఫోన్ వైపు చూశాడు. తెల్ల తెర మధ్యలో ఒక మైకు బొమ్మ, దాని కింద "గదికి మీ మాట వినిపించండి" అని రాసి ఉంది.

ఆ నిమిషంలో మార్కండేయకు ఆ కంపెనీ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేం. పాటలతో పనేముంది, సిగ్నళ్లతో పనేముంది, నేరుగా మమతతోనే మాట్లాడొచ్చు. కొలతలు చూసుకొస్తానని చెప్పి ట్రయల్ రూం తెర వెనక్కి పోయాడు. మైకు బొమ్మను బొటనవేలితో నొక్కిపట్టి, ఫోన్ పెదవులకు ఆనించి, గోడకు కూడా వినపడనంత మెల్లగా చెప్పాడు.

"మమతా, గా వసుమతమ్మ జాకెట్‌కు చేతులు ఇంక ఎక్కియ్యలే గద. జల్దీ ఎక్కియ్యి. ఆమెకు హుక్కులే మిగిలినయని జెప్పిన. ఓ గంట సేపు ఏదన్న చెప్పి కూసోవెడత. మిషన్లు ఊకెనే నడిపియ్యిన్రి, పిచ్చిది నమ్ముతది."

గదులన్నీ కలపడానికి తాను సరే అన్న సంగతి ఆయనకు గుర్తు లేదు. ఆయన గుసగుస ఇంట్లో ఖాళీ దేవుడి గదిలో వినపడింది, పని గదిలో వినపడింది, వసుమతి తలకు మూరెడు పైన ఉన్న స్పీకరులో ఊపిరితో సహా వినపడింది. పైన నాలుగు మిషన్లూ వెంటనే గడగడా మొదలయ్యాయి.

తెర తొలగించి, చేతిలో టేపు పట్టుకుని, చిరునవ్వుతో బయటికొచ్చిన మార్కండేయకు వసుమతి ఎదురుగా నిలబడి ఉంది. ఆమె మొహంలో కోపం కంటే నిర్ఘాంతపోవడమే ఎక్కువ కనిపించింది.

"చేతులు ఇంకా ఎక్కించలేదా మాస్టారూ?"

మార్కండేయ నివ్వెరపోయాడు. ఈమెకు మనసులో మాట ఎట్లా తెలిసింది? ఆమె వేలితో పైన ఉన్న స్పీకరును చూపించింది. తర్వాత, ఆ పిచ్చిదాన్ని నేనే కదండీ అని మెల్లగా అడిగింది. ఆయన చేతిలోంచి టేపు జారి కింద పడింది. తేలు కుట్టిన దొంగ కనీసం లోపల్లోపల మూలుగుతాడు, ఈయనకు అదీ చేతకాలేదు.

ఇక దాచడానికి ఏమీ మిగలనప్పుడు మనిషికి నిజం గుర్తొస్తుంది. తప్పయిందని, ఒంటి భాగం అయిపోయిందని, చేతులొక్కటే మిగిలాయని, గంటలో అయిపోతుందని, ఎల్లమ్మ తల్లి మీద ఒట్టని చెప్పాడు. నమ్మకపోతే కళ్లముందే కుట్టిస్తానన్నాడు. వసుమతి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆయన వెనకాల మెట్లెక్కింది. ముప్ఫై ఏళ్లలో ఒక కస్టమరును ఆయనంతట ఆయనే పని గదికి తీసుకుపోవడం అదే. ఆమెను గుమ్మంలో చూసి మమత కొయ్యబారిపోయింది.

"జాకెట్ తియ్యి మమతా. అమ్మకు చూపియ్యి," అన్నాడు మార్కండేయ.

మమత ఆయన వైపు చూసింది, ఆమె వైపు చూసింది. ఇది కొత్త సిగ్నలేమో అన్న అనుమానంతో కదల్లేదు. నిజంగానే తియ్యమంటున్నానని ఆయన మూడుసార్లు చెప్పాక, మెట్ల దగ్గరికి పోయి కటకటాలు చూసింది. అక్కడ వట్టి కొక్కెం ఉంది. మమత సంచిలో దాచానని, సంచి లేదని, పాట వచ్చింది కాబట్టే దాచానని, తన తప్పేముందని ఏడుపు గొంతుతో చెప్పింది. పాటేమిటి, దాచడమేమిటని వసుమతి అడిగితే, మమత ఆ వట్టి కొక్కేన్నే మళ్లీ తడిమి చూసింది.

సరిగ్గా అప్పుడు చంద్రావతి కొత్తిమీర కట్టతో మెట్లెక్కి వచ్చింది. సంచి ఏదని మొగుడు అరిచినంత పని చేస్తే, ఆమె తాపీగా, రోజూ ఎక్కడికి పోతుందో అక్కడికే పోయిందని చెప్పింది.

"ఇస్త్రీకి ఇచ్చిన."

వసుమతి నవ్వింది. ఆ నవ్వు చూస్తే మార్కండేయకు భయమేసింది.

"వనిత పెళ్లప్పుడు కూడా ఇస్త్రీకే వెళ్లిందన్నారు. ఇంట్లో అందరూ ఇదే పాఠం నేర్చుకున్నారన్న మాట," అంది.

మార్కండేయ చెంపలేసుకున్నాడు. లేదమ్మా, ఈసారి నిజంగానే ఇస్త్రీకి పోయిందన్నాడు. ఆ మాట ఎన్ని వందల సార్లు చెప్పాడో ఆయనకే లెక్క లేదు, నిజమైన రోజున ఒక్క మనిషీ నమ్మలేదు. పైగా మమతకు కూడా అనుమానం వచ్చినట్టుంది, మాస్టరు ఏదో ఎత్తు వేస్తున్నాడనుకుని తల ఊపింది.

అందరూ సందు మూలకు పరుగెత్తారు. ఇస్త్రీ బండి ఉంది, బొగ్గుల పెట్టె ఉంది, మనిషీ లేడు, సంచీ లేదు. బండి గిరిబాబు ఉదయం పూట అయిన బట్టలన్నీ సైకిలు మీద వేసుకుని ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఇచ్చొస్తాడు. చంద్రావతి సంచిలోవి చేశాడో లేదో, చేస్తే ఏ మూటలో కలిపాడో, ఏ హాస్టల్లో ఏ పిల్లకు ఇచ్చేశాడో. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నెమళ్ల జాకెట్టు ఎస్.ఆర్. నగర్లో ఏదో గదిలో మంచం మీద పడి ఉండటం మార్కండేయ కళ్లకు కట్టింది. వనిత భుజం కూడా కళ్లకు కట్టింది. అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. చంద్రావతి ఆయన్ని చూసి, కొత్తిమీర ఆయన ఒళ్లో పడేసి, ఆటో ఎక్కి ఎస్.ఆర్. నగర్ వైపు పోయింది.

దుకాణంలోకి తిరిగొచ్చేసరికి పది దాటింది. వసుమతి ఫోన్ తీసింది. కూతురికి ఫోన్ చేయాలంది. ఆ సందులో సిగ్నలు ఎప్పుడూ అంతంత మాత్రమే. వైఫై పాస్‌వర్డ్ అడిగితే మార్కండేయ గోడ మీద రాసి ఉన్నది చూపించాడు. ఆమె కలిపింది. ఫోన్ వెంటనే ఏదో అడిగింది, ఆమె కూడా ఆ కంగారులో సరే అని నొక్కేసింది. అతిథులకు అనుమతి ఉంది కదా, ఆమె ఫోన్ పోయి మూడు స్పీకర్లతోనూ కలిసింది.

కూతురు ఎత్తగానే వసుమతి బావురుమంది. జాకెట్టు పోయిందని, ఇస్త్రీ అంటున్నారని, హాస్టలంటున్నారని, వీళ్లలో ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదని చెప్పింది. ఆ తర్వాత హైందవి గొంతు తల మీది స్పీకరులోంచి, పై గదిలోంచి, ఆ పై అంతస్తు లోంచి, మెట్ల మీదుగా దిగి వచ్చింది. ఆ అమ్మాయి తల్లిని పంపించి మళ్లీ పడుకున్నట్టుంది.

"అమ్మా, ఎందుకంత ఏడుపు? నిశ్చితార్థం గురువారం కదా. ఇవాళ అని మాస్టారికి మాత్రమే కదా చెప్పాం. నువ్వు కూడా నమ్మేశావా ఏంటి?"

వసుమతి ఫోన్ వైపు చూసింది. తర్వాత స్పీకరు వైపు చూసింది. తర్వాత తన పట్టుచీర వైపు చూసుకుంది. హైందవి ఆగలేదు. ఆ హారం తీసి లాకరులో పెట్టమని, చుట్టుపక్కల వాళ్లు ఎక్కడికని అడిగితే గుడికని చెప్పానని, మల్లెపూలు మరీ ఎక్కువైపోయాయని ముందే అన్నాను కదా అని ఒక్కొక్కటే మూడు అంతస్తులకూ వివరించింది. వసుమతి ఎర్ర గుర్తు నొక్కబోయి పక్కనేదో నొక్కింది, సౌండు ఇంకా పెరిగింది. చివరికి ఫోనునే ఆపేసింది.

దుకాణంలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. మార్కండేయకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జాకెట్టుకు మూడు రోజులుందని ప్రాణం లేచొచ్చింది, అంతలోనే ఎక్కడో చురుక్కుమంది. పొద్దుటి నుంచీ తాను పడ్డ హింస, బల్కంపేటలో వేసిన ఒట్టు, అరుగు మీద కూలబడటం, అన్నీ గుర్తొచ్చాయి. తాను అబద్ధం చెప్పడం వృత్తి ధర్మం. కస్టమరు చెప్పడమేమిటి?

"మీరు సుతనా అమ్మా?" అన్నాడు, నిజంగా బాధపడుతూ.

వసుమతి తల దించుకోలేదు. కుర్చీలో కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, నెమ్మదిగానే చెప్పింది.

"వనిత పెళ్లికి మీకు నిజం తేదీ చెప్పాను మాస్టారూ."

ఆ మాట తిన్నగా పోయి మార్కండేయకు తగలాల్సిన చోట తగిలింది. కింద పడ్డ టేపు తీసి మెడలో వేసుకుని, జాకెట్టు దొరకడమే ఆలస్యం, ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా తానే మిషను మీద కూర్చుని, ఆమె ఎదురుగానే చేతులు ఎక్కిస్తానని, ఈ పూటే పట్టుకుని పొమ్మని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వసుమతి చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, మొదటిసారిగా నమ్మింది.

పదకొండింటికి చంద్రావతి ఆటో దిగింది. చేతిలో హ్యాంగరు, దానికి ఆకుపచ్చ జాకెట్టు, విడిగా మడతపెట్టిన రెండు చేతులు. గిరిబాబును ఒక ఆడపిల్లల హాస్టలు గేటు దగ్గర పట్టుకుందట. వాడు దాన్ని కూడా బాగానే ఇస్త్రీ చేశాడు. చేతుల్లేకుండా ఇది కొత్త డిజైనా ఆంటీ అని ముగ్గురు అమ్మాయిలు అడిగారని, దుకాణం అడ్రసు కూడా రాసుకున్నారని ఆయాసపడుతూనే గర్వంగా చెప్పింది. వసుమతి జాకెట్టును వేళ్లతో తడిమి, రెండు నెమళ్లూ ఉన్నాయని చూసుకుని, గట్టిగా ఊపిరి వదిలింది.

మార్కండేయ జాకెట్టు అందుకుని మెట్ల వైపు నడవబోయాడు. మెట్ల మీద మమత, ఆమె వెనక మిగతా ముగ్గురూ దిగి వస్తున్నారు. పైన మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. ఆ సంగతి ఆయన అప్పుడే గమనించాడు. ఎక్కడికని అడిగితే, చాయ్‌కి అంది మమత.

"మేం అంతా ఇన్నం మాస్టర్. ఇంత పట్టుచీర గట్టుకొని వచ్చిన అమ్మదే గురువారమైతే, ఇయ్యాల్నే కావాలె అన్నోళ్లవి ఎన్నడో ఏమో. ఒక్కొక్కలకు ఫోన్ జేసి నిజం కనుక్కోన్రి. గప్పటిదాంక ఏది ముందు కుట్టాల్నో మాకెట్ల తెలుస్తది?"

మార్కండేయ కోప్పడదామనుకున్నాడు. అంతలోనే అలమారలో దాగి ఉన్న ఆరు జాకెట్లు, గోడకు వేలాడుతున్న పదిహేను సంచులు, వాటి మీద తాను సుద్దతో రాసుకున్న తేదీలు ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అవన్నీ కస్టమర్లు చెప్పిన తేదీలే. ముప్ఫై ఏళ్లుగా తాను ఆలస్యం చేశానని కుమిలిపోయిన పెళ్లిళ్లలో ఎన్ని నిజంగా ఆలస్యమైనవో ఆలోచిస్తే ఆయనకు తల తిరిగింది. చేతిలోని జాకెట్టును చూశాడు. వసుమతిని చూశాడు. టైలరు బుద్ధి ఎక్కడికి పోతుంది.

"గురువారం అన్నరు గద అమ్మా," అని, ఎంతో మర్యాదగా, జాకెట్టును గోడ కొక్కేనికి తగిలించాడు.

వసుమతి దాన్ని అందుకోబోయింది. ఆయన అప్పటికే అద్దాలు సర్దుకుని, కస్టమర్ల పుస్తకం తెరిచి, మొదటి నెంబరుకు ఫోన్ కలుపుతున్నాడు. మీ ఫంక్షను నిజంగా ఎప్పుడు అని అడగ్గానే అవతల మనిషి తడబడటం మూడు అంతస్తుల్లోనూ స్పష్టంగా వినిపించింది. చీకటి పడేదాకా ఆయన అందరికీ ఫోన్లు చేశాడు, అందరూ నిజమే చెప్పారు, ఆ రోజు ఆ దుకాణంలో ఒక్క జాకెట్టు కూడా పూర్తికాలేదు.